పాతపాట తిరిగివచ్చు లెక్క

కోరుట్ల వాడలలో మధ్యాహ్నపువేళ ఒడిలో చాట నుంచుకొని, తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి బీడీ చుట్టి, మొన మడిచి, దారము బిగించు స్త్రీల చేతులు ఒక్క నిమిషమైనను ఆగవు. వారి ప్రక్కన గోడకు ఆనించిన సెల్‌ఫోనునుండి మాత్రము తరచుగా ముప్పది యేండ్లనాటి సినిమాపాట వినవచ్చుచుండును. ఆ పాట వెలువడిననాటికి వారిలో కొందరు లంగాఓణీ ప్రాయమున నుండిరి, కొందరు పుట్టియే యుండలేదు. ఐనను అది అందరికిని ప్రీతికరమే. ఒక తరము మెచ్చిన పాటలు, బట్టలు, సినిమాలు కొన్నాళ్లు మరుగునపడి, రెండు మూడు దశాబ్దములకు మరల తలయెత్తుట లోకమంతటను కనబడుచున్నది గనుక, దీనికి మానవస్మృతిలోనే ఒక హేతువుండవలెనని మనస్తత్త్వశాస్త్రజ్ఞులు తలచిరి. ఆ తలంపు వృథా కాలేదు.

మనుష్యుడు తన జీవితమును సమముగా జ్ఞాపకముంచుకొనడు. 1986లో డేవిడ్ రూబిన్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి, నడివయస్సు దాటినవారు చెప్పిన స్వానుభవములను, అవి జరిగిన వయస్సును బట్టి వరుసపెట్టి చూడగా, ఇటీవలి సంగతులు అధికముగా నుండుట సహజమే యైనను, పది మొదలు ముప్పది యేండ్లలోపలివి, కాలక్రమమున మాసిపోవలసినవి మాసిపోక, నడుమ నొక గుట్టవలె లేచి కనబడెను. ఆ ప్రాయమున జరుగునవి పెక్కు మొదటిసారి జరుగునవి: మొదటి స్నేహము, చేతికందిన మొదటి కూలిడబ్బు, ఊరు విడిచిన మొదటి ప్రయాణము. క్రొత్తదానిని మెదడు గట్టిగా పట్టుకొనును; పైగా తానెవరో తనకు తెలిసివచ్చు వయస్సును అదియే గనుక, ఆనాటి సంగతులను పిమ్మట పదేపదే తలచుకొందుము, తలచినకొలది అవి బలపడును. 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అను అమెరికా పరిశోధకులు వేర్వేరు వయస్సులవారికి వేర్వేరు కాలముల పాటలను వినిపింపగా, శ్రోతలకు దాదాపు 24 ఏండ్లున్నప్పుడు వెలువడిన పాటలయెడలనే వారి మక్కువ మిన్నగా నుండెను.

అయితే జ్ఞాపకమెంత బలమైనదైనను తనంతట తాను తెరకెక్కజాలదు. దానిని మోయువాడు దర్శకుడో, నిర్మాతయో, కుటుంబమంతటికిని టిక్కెట్లు కొనగల గృహస్థుడో కావలెను. పదునెనిమిదేండ్ల కుర్రవాడు ఆ స్థితికి వచ్చుటకు పదియేండ్లు పట్టవచ్చును, ముప్పదియు పట్టవచ్చును. 1944లో పుట్టిన జార్జి లూకాస్, తన పదునెనిమిదవయేటి లోకమును, అనగా 1962 నాటి ఒక్క రాత్రిని, ‘అమెరికన్ గ్రాఫిటీ’గా తీసినది 1973లోనే. మన తెరమీద 2001 నాటి ‘ఖుషి’ 2022 చివరిదినమునను, 2006 నాటి ‘పోకిరి’ అదే సంవత్సరము ఆగస్టులోను, 1990 నాటి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 2025 మే నెలలోను మరల విడుదలయ్యెను. 1957 నాటి ‘మాయాబజార్’ రంగులద్దుకొని 2010లో వచ్చెను. ఈ వ్యవధులు వరుసగా 21, 16, 35, 53 ఏండ్లు. కావున ఇరువదేండ్లకొకసారి గతము మరలివచ్చునను మాట గడియారపు లెక్కగా నమ్మదగినది కాదు. అది ఒక తరము చేతికి డబ్బును అధికారమును వచ్చుటకు పట్టు కాలము మాత్రమే. బట్టల విషయమున జేమ్స్ లేవర్ అను ఆంగ్లేయ వేషధారణ చరిత్రకారుడు 1937లో ఒక క్రమమును చెప్పెను: పదియేండ్లనాటి వేషము వికారముగాను, ఇరువదేండ్లనాటిది నవ్వులపాలుగాను, ముప్పదియేండ్లనాటిది వినోదముగాను, నూరేండ్లనాటిది రమణీయముగాను తోచునట. తల్లి పెండ్లిచీరను కూతురు పెట్టెలోనుండి వెదకి కట్టుకొను ఇండ్లలో ఈ క్రమము చాలవరకు సరిపోవును.

తమ పుట్టుకకు ముందటి పాటలపై పిల్లలకు మక్కువ యెట్లు కలుగును? 2013లో కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ అనువారు ఇరువదేండ్ల ప్రాయపు విద్యార్థులను పరీక్షింపగా, తమ కాలపు పాటలతోబాటు తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలును వారి స్మృతిలో ప్రత్యేకముగా నిలిచియుండెను. ఇంట మ్రోగినదే పిల్లల చెవి కెక్కును. బీడీలు చుట్టు తల్లిప్రక్కన కూర్చుండి లెక్కలు చేసికొనిన పిల్లకు, ఆ తల్లి పాట తన బాల్యమే యగును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు పై లెక్కలో చేరని మరియొక కారణము గలదు: వలస. 1688లో స్విట్జర్లండునందలి బాసెల్ పట్టణమున యోహన్నెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, పరదేశమున నున్నవారిని కృశింపజేయు ఇంటిబెంగను ఒక రోగముగా వర్ణించి సిద్ధాంతవ్యాసము వ్రాసెను. ఊరిమీద పుట్టిన ఆ బెంగ, కాలముమీది బెంగగా శాస్త్రజ్ఞులకు అర్థమగుటకు తరములు పట్టినది. దుబాయి, మస్కటు పోయివచ్చినవారికి మాత్రము ఈ రెండును వేరుగా నుండవు. వారి మనస్సులో ఊరు వారు విమానమెక్కిన దినమున నున్నట్లే నిలిచిపోవును. తిరిగివచ్చునప్పటికి పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చియుండును, చెరువుగట్టున ఇండ్లు లేచియుండును. ఊరు చేరినను బెంగ తీరదు, ఏలయన వారు వెదకునది ఊరిని కాదు, ఆ యేటి ఊరిని. ఒంటరితనము గతస్మృతిని మేల్కొల్పుననియు, ఆ స్మృతి తిరిగి ‘నాకును నావారున్నారు’ అను ధైర్యమును కలిగించుననియు 2006లో టిమ్ విల్డ్‌షట్, కాన్‌స్టంటైన్ సెడికిడిస్ ప్రభృతులు నిరూపించిరి. ఎడారిలోని కూలీల గదిలో పాతపాట ఒక అవసరమగుటకు ఇదియే కారణమని నా నమ్మకము.

ఇక సాంచెల, అనగా మరమగ్గముల, చప్పుడులో ప్రక్కవాని మాట వినబడని సిరిసిల్లకు వత్తము. దానికి చేరువనున్న హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి.నారాయణరెడ్డి, 1962లో ‘గులేబకావళి కథ’ పాటలతో తెలుగు సినిమాలో అడుగిడెను. ఆ పాటలను ఈ నేల తనవిగా పాడుకొనెను. కాని ‘మాభూమి’వంటి కొన్ని చిత్రములు తప్ప, ఈ నేల ఇల్లు, ఈ నేల మాట, ఈ నేల చావుపుట్టువులు దశాబ్దములపాటు తెరకు దూరముగానే యుండెను. ఇక్కడివారు ఇతరుల ఊళ్లను తమ జ్ఞాపకములుగా దాచుకొనిరి. 2012లో నేటి జగిత్యాల జిల్లా మల్యాల మండలమందలి లంబాడిపల్లినుండి ‘మై విలేజ్ షో’ యూట్యూబులో మొదలై, అందు నటించిన గంగవ్వ మాట అరబ్బుదేశములవరకు చేరుటయు, 2023 మార్చి 3న సిరిసిల్లవాడైన వేణు యెల్దండి తీసిన ‘బలగం’ విడుదలగుటయు ఆ కొరతను తీర్చినవి. తాత చనిపోగా, పెట్టిన బువ్వను పిట్ట ముట్టకపోవుటయు, తగవులాడుకొనిన అన్నదమ్ములు, ఆడబిడ్డ ఏకమగువరకు దినములు గడచుటయు ఆ చిత్రకథ. ఊరిజనమంతయు బయట తెరకట్టి, చాపలు పరచి, దానిని కలిసి చూచి యేడ్చిరి. ఆ కథ నేటికాలపుదే. ఇంకను మన యెదుట నున్నదానిని పోయినదానివలె చూచి మనము దుఃఖించితిమనగా, తన ముఖమును తెరమీద చూచుకొనుటకు ఈ ప్రాంతమెంతకాలము వేచియున్నదో తెలియుచున్నది.

గతము తిరిగివచ్చుటకు అది దేనిమీదనైన నిలిచియుండవలెను గదా. గల్ఫునుండి వచ్చిన టూ-ఇన్-వన్ టేపురికార్డరు ఈ యిండ్లలో అల్లిక గుడ్డ కప్పుకొని బల్లమీద గౌరవముగా నుండెడిది. అక్షరము రాని తల్లులు, భార్యలు తమ మాటను క్యాసెట్టున కెక్కించి, పోవువారి చేత పంపుటయు కలదు. ఆ టేపు పాలిస్టరు పొర, సాంచెలమీద నడచు పాలిస్టరు దారపు జాతిదే. దానిపై జిగురుతో అంటించిన ఐరన్ ఆక్సైడు రేణువులలో స్వరము దాగియుండును. పొర చాలకాలము నిలుచును గాని, జిగురు తేమకు వదలిపోవును, రేణువులు రాలును. సినిమాపాటలను కంపెనీలు కాపాడుకొనును. ఇంటిలో పట్టిన ఒగ్గుకథను, పెండ్లిపాటను, పోయిన తండ్రి మాటను కాపాడువారు ఇంటివారే. పెట్టెలో అట్టివి యున్నచో, మొదట యంత్రపు హెడ్డును స్పిరిటు తడిపిన దూదితో తుడిచి, టేపును ఒకసారి ముందునకును వెనుకకును మెల్లగా త్రిప్పి, మొదటి నడకలోనే ఫోనులోనికో కంప్యూటరులోనికో తీగతో ఎక్కించి, దానిని ఇంటిల్లిపాదికి పంచిపెట్టవలెను. ఏలయన శిథిలమైన టేపునకు రెండవ నడక దొరకకపోవచ్చును.