పాత కారు చప్పుడు చేస్తే: ఇంజను విప్పించక ముందు

మన సోలాపూర్ పూర్వ భాగంలో ఇప్పుడు ఏ గల్లీలోకి పోయినా పాత మారుతీ 800 ఒకటన్నా కనబడుతుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన బండి అది, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. ఆపేసినా మన వాళ్ళ ఇండ్ల ముందు మాత్రం ఆగలేదు. మూడు సిలిండర్ల చిన్న ఇంజను, 796 సీసీ. ఏ గ్యారేజీ పిల్లగాడికైనా చేతికి అలవాటైన పని. కొత్త మోటార్ సైకిల్ పైసలకు పాత కారు వస్తుంటే సాంచెల మీద హప్తా తీసుకునే మనిషికి ఆశ పుట్టదా? కొన్నంక ఆరు నెలలకు బానెట్ కింద టకటక మొదలవుతుంది. అప్పుడే మెడలో గుండ్లు కుదువకు పోతాయి.

నేను పన్నెండేళ్ళు సాంచెల కార్ఖానాలో జాబర్ పని చేసిన. తర్వాత చిన్న గ్యారేజీ పెట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. ఈ రెండు పనులకు చెవి ఒక్కటే. నాడె దెబ్బ ఎక్కువ పడుతోందా, పికింగ్ స్టిక్ వదులైందా అని నలభై సాంచెల మోతలో కూడా మన జాబర్లు చెప్పగలరు. కార్ఖానాలో పనిచేసిన ఇంటి మనుషులకు ఆ చెవి ఉంది. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాన్ని పక్కన పెట్టి, మేస్త్రీ ఏమంటే దానికి తల ఊపుతారు.

మొన్న చలికాలంలో మా వాడకట్టు తమ్ముడొకడు వచ్చిండు. వాళ్ళమ్మను వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు తీసుకుపోవాలి. ఆటో కిరాయిలు భరించలేక భిషీ పైసలు ఎత్తి 2006 మోడల్ 800 కొన్నడు. ఇంజను టకటక అంటోంది. ఇంకో చోట చూపిస్తే “ఇంజను అయిపోయింది, బోరు చెయ్యాలె, ఇరవై ఎనిమిది వేలు” అన్నారట. “అన్నా, ఆమె పుస్తెలతాడు పెడదామనుకుంటున్న, ఒక్కసారి నువ్వు చూడు” అన్నడు.

చప్పుడు ఎప్పుడొస్తుంది అంటే అతను చెప్పలేకపోయిండు. చెప్పింది వాళ్ళావిడ. ఆమె పొద్దున గుమ్మంలో బీడీలు చుట్టుకుంటూ రోజూ ఆ బండి స్టార్ట్ అవడం వింటుంది. “బావా, పొద్దుగాల స్టార్ట్ చెయ్యంగనే మస్తు అంటది. జర సేపైనంక తగ్గుతది. యాక్సిలేటర్ ఇస్తే టకటక ఉరుకుతది, ధన్‌ధన్ అని మాత్రం అనదు” అన్నది. సగం పని అక్కడే అయిపోయింది.

డిప్‌స్టిక్ తీస్తే కొసకు నల్లగా తడి అంటింది, అంతే. కింది గీతకు కూడా ఆయిల్ లేదు. అంత తక్కువ ఆయిల్‌తో పైన కామ్ షాఫ్టు, రాకర్లు ఉన్న చోటికి సరిగా అందదు. ముందు ఆయిల్, ఫిల్టరు మార్చి రెండు రోజులు నడిపించమన్న. చప్పుడు సగానికి పైగా తగ్గింది. మిగిలింది టాపెట్ సందు. ఇంజను చల్లారినంక పైమూత తీసి, ఫీలర్ గేజ్‌తో పుస్తకంలో ఉన్న కొలతకు బిగించిన. మూత గాస్కెట్‌తో కలిపి మొత్తం నాలుగు వేల లోపు ఖర్చు. పుస్తెలతాడు మెడలోనే ఉంది.

అందరి బండీ ఇంత తేలికగా బాగవుతుందని కాదు. కానీ విప్పే ముందు వినాలి. ఎట్లా వినాలో చెప్తా.

బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలేటర్ ఇవ్వండి. ఇంజను స్పీడుతో చప్పుడు పెరిగితే అది ఇంజనుది. బండి కదిలితేనే వస్తే చక్రాలది, బ్రేకులది, షాఫ్టులది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోతుంటే కటకట అంటే డ్రైవ్ షాఫ్టు జాయింటు. రోడ్డు మీద స్పీడుతో పాటు హూఁ అని పెరిగేది చక్రం బేరింగు కావచ్చు. క్లచ్ తొక్కితే చప్పుడు మారిందా, అప్పుడు గేర్‌బాక్స్ వైపు చూడాలి. ఇంత చూడటానికి పానా కూడా అక్కర్లేదు.

ఇంజనుదే అని తేలితే పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకోండి. కొసను పైమూత మీద పెట్టి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనించండి. తర్వాత ఆల్టర్నేటర్ మీద, వాటర్ పంపు మీద. చెడిన బేరింగు గరగర చెవిలోకే వచ్చేస్తుంది. మన జాబర్లు గేర్ పక్క బేరింగు చూసేది ఇట్లాగే కదా. ఒక్క జాగ్రత్త: చీర కొంగు, చున్నీ, వదులు చేతులు దూరం పెట్టుకోండి. రేడియేటర్ ఫ్యాను కరెంటుది, ఇంజను ఆపినా వేడికి అదే తిరగొచ్చు.

పొద్దున స్టార్ట్ చేయగానే, లైట్లు వేయగానే కీఁచ్ అని అరిస్తే ఫ్యాన్ బెల్టు. కాసిని నీళ్ళు దూరం నుంచి బెల్టు మీద చల్లండి. అరుపు మారితే బెల్టుదే, వదులో అరుగుడో. ఏం మారకపోతే బేరింగు మీద అనుమానం. బెల్టు తీసి ఒక్క అర నిమిషం ఇంజను నడిపితే తేలిపోతుంది. అంతకు మించి నడపొద్దు, ఈ బండిలో వాటర్ పంపు తిరిగేది కూడా ఆ బెల్టుతోనే.

తుస్సు తుస్సు అని, చల్లగా ఉన్నప్పుడే వచ్చి వేడెక్కితే మాయమయ్యే టకటక ఇంకొకటి ఉంది. అది సైలెన్సర్ మొదట్లో, మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గ్యాస్ కారడం. వేడికి ఇనుము సాగి సందు మూసుకుంటుంది. దీన్నే టాపెట్ అనుకుని రెండుసార్లు టాపెట్ బిగించిన మేస్త్రీలు ఉన్నారు. ఆ జాయింటు చుట్టూ మసి కనబడితే చాలు, వేరే సాక్ష్యం ఎందుకు?

తుల్జాపూర్ ఘాటు ఎక్కేటప్పుడు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు కిటకిట అంటే, అది ఇనుప పార్టు ఏదో విరిగినట్టు కాదు. పెట్రోలు వేళ కాని వేళ అంటుకుంటోంది. పెద్ద గేర్‌లో బలవంతంగా లాగించడం, లోపల పేరుకున్న బొగ్గు, ఇంజను వేడి, పాడు పెట్రోలు, ఏదైనా కావచ్చు. గేర్ దించితే తగ్గుతుంది. దించకుండా అమ్మవారి గుడి దాకా అట్లే లాగించేవాళ్ళే ఎక్కువ.

ఒక్క చప్పుడుకు మాత్రం ఆలోచన వద్దు. కింది నుంచి, బరువుగా, సుత్తె దెబ్బలాగా ధన్ ధన్ అని వస్తూ, ఇంజను వేడెక్కిన కొద్దీ, లోడు పడిన కొద్దీ పెరిగితే అది కనెక్టింగ్ రాడ్ బేరింగు. అక్కడే ఆపండి. ‘ఇంకో పది కిలోమీటర్లే కదా’ అనొద్దు. తాడు కట్టించి లాక్కురండి. ఆ పది కిలోమీటర్లలో బేరింగు ఖర్చు కాస్తా మొత్తం ఇంజను ఖర్చు అవుతుంది. నిజంగా రాడ్ చప్పుడేనా అని చూడటానికి మేస్త్రీలు ఇంజను ఆపి ఒక ప్లగ్గు వైరు తీసి, కొన్ని క్షణాలు స్టార్ట్ చేసి చూస్తారు. ఆ సిలిండర్ పని ఆపగానే దెబ్బ మెత్తబడితే దోషం అక్కడే. అది మేస్త్రీ ముందే చేయించండి.

డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా గుర్తు ఎర్ర లైటు గురించి ఒక మాట. ‘లైటు రాలేదన్నా, అంటే ఆయిల్ ఉన్నట్టే కదా’ అని చాలామంది అంటారు. ఆ లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందో కాదు, ఒత్తిడి పడిపోయిందని. అది వెలిగేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. పదిహేను రోజులకొకసారి, పొద్దున బండి తీయక ముందు, సమంగా ఉన్న చోట డిప్‌స్టిక్ చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటించి పోయడం కూడా తప్పే.

ఇక వెనకబడిన మెయింటెనెన్స్. పాత యజమాని ‘అన్నీ మార్చిన’ అంటడు. బిల్లు చూపితే నమ్మండి, లేకపోతే ఏదీ మార్చలేదనే లెక్క పెట్టుకోండి. అట్లాగని ఒకేసారి అప్పు చేసి అన్నీ మార్పించొద్దు. ఒకే రోజు పది పార్టులు మారిస్తే, మర్నాడు కొత్త చప్పుడు వస్తే దేనివల్లో ఎవరికి తెలుస్తుంది?

నా లెక్క ఇది. మొదటి హప్తా పైసలు బ్రేకులకు, టైర్లకు. ఇంజను ఆగితే రోడ్డు పక్కన నిలబడతాం, బ్రేకు ఆగకపోతే ఎక్కడ నిలబడతామో తెలియదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకొకసారి మార్చాలి. టైరు గోడ మీద గుండ్రటి గీతలో నాలుగు అంకెలు ఉంటాయి: 2316 అంటే 2016లో 23వ వారం తయారైంది. గాట్లు లోతుగా ఉన్నా రబ్బరు పగుళ్ళు పట్టి ఉంటే ఆ టైరును నమ్మొద్దు. అదే వారంలో ఇంజన్ ఆయిల్, ఫిల్టరు. మూడు లీటర్ల డబ్బా ఒకటి చాలు.

తర్వాత టైమింగ్ బెల్టు. 800లో ఇది పళ్ళ రబ్బరు బెల్టు, మూత వెనక దాగి ఉంటుంది, చప్పుడు కూడా చేయదు. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చేయడమే. తెగితే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది, కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి. దాన్ని విప్పినప్పుడే వాటర్ పంపు కారుతోందా, సీళ్ళ దగ్గర ఆయిల్ చెమ్మ ఉందా చూపించుకోండి. మళ్ళీ విప్పే కూలి మిగులుతుంది. రేడియేటర్‌లో ఉట్టి బోరు నీళ్ళు పోసి నడిపిన బండ్లలో తుప్పు, సున్నం పేరుకుంటాయి. కడిగించి కూలెంట్ పోయించండి. వేడి మీద రేడియేటర్ మూత తీయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ప్లగ్గులు మూడు, ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు, గేర్ ఆయిల్, ఇవి ఆ తర్వాతి నెలకు ఆగుతాయి. ఇంజను మౌంటింగు రబ్బరు చిరిగిందేమో కూడా అప్పుడు చూడొచ్చు. మూడు సిలిండర్ల బండి నిలబడ్డప్పుడు కాస్త వణకడం దాని స్వభావం. గేర్ రాడ్, అద్దాలు అన్నీ గడగడలాడితే రబ్బరు పోయినట్టు.

గ్యారేజీలో ‘టాపెట్ చెయ్’, ‘బోరు చూడు’ అని మీరే మందు రాసివ్వొద్దు. ఎప్పుడు వస్తుంది, చల్లగానా వేడిగానా, దేనితో పెరుగుతుంది, అంతవరకే చెప్పండి. మార్చిన పాత పార్టు చేతికి ఇవ్వమని అడగండి, తప్పేం లేదు. కార్ఖానాలో మీటర్లు రాసుకునే నోటుబుక్కు లాంటిదే ఒకటి బండిలో పెట్టి, తేదీ, కిలోమీటర్లు, మార్చిన పార్టు రాయండి.

సొంత కారుకు 15 ఏళ్ళు నిండితే ఆర్టీవోలో తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ మళ్ళీ తీసుకోవాలి, ఆ తర్వాత ఐదేళ్ళకొకసారి. గడువు తేదీ ఆర్‌సీ మీదే ఉంటుంది. పాత బండి బేరం ఆడేవాళ్ళు బానెట్ ఎత్తక ముందే ఆ తేదీ చూసుకోండి.