గ్లాసులో కొవ్వొత్తి... ఏ మైనం మేలు?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు విజయవాడలో ఎన్నో కుటుంబాలు రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో గడిపాయి. అలాంటప్పుడు ఆదుకునేది కొవ్వొత్తే. గ్లాసులో పోసుకున్నదైతే మైనం కారిపోదు, చిన్న గాలికి ఆరిపోదు. కానీ అన్ని మైనాలూ ఒకేలా మండవు సుమండీ!

బజారులో దొరికే తెల్ల కొవ్వొత్తులు ఎక్కువగా పారాఫిన్‌వే. ఇది పెట్రోలియం నుంచి వస్తుంది. రకాన్ని బట్టి సుమారు 50 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. నిలువు కొవ్వొత్తికి గట్టి రకం, గ్లాసుకు మెత్తని రకం వాడాలి. గట్టిది గ్లాసులో పోస్తే వత్తి చుట్టూ గుంట పడి, అంచుల మైనం కరక్కుండా మిగిలిపోతుంది. సోయా మైనం సుమారు 50 డిగ్రీలకే కరిగి అంచులదాకా పరుచుకుంటుంది. మన ఎండలకు మెత్తబడుతుంది కాబట్టి చల్లని చోట దాచండి. తేనెమైనం 62 డిగ్రీలు దాటితేగాని కరగదు. నిదానంగా మండుతుంది, ఖరీదూ ఎక్కువే. దానికి కాస్త లావు వత్తి వెయ్యాలి.

ఇంట్లో పోసుకునేవారు మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకండి. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించండి. గ్లాసు మందంగా, వేడికి తట్టుకునేదిగా ఉండాలి.

మొదటిసారి వెలిగించినప్పుడు పైమైనం అంచులదాకా కరిగేవరకు ఆర్పకండి. వత్తి పావు అంగుళం మించితే పొగ, మసి. అడుగున అర అంగుళం మైనం మిగలగానే ఆర్పెయ్యండి, లేకుంటే గ్లాసు అడుగు కాగి పగలొచ్చు. మైనం అంటుకుంటే నీళ్లు చల్లకండి, లోహపు మూత బోర్లించండి. కర్టెన్లకు, దోమతెరకు దూరంగా పళ్లెంలో పెట్టండి. పడుకునే ముందు ఆర్పడం మరచిపోకండేం!