పాపం బ్యాటరీ! నేరం ఒకరిది... శిక్ష మరొకరికి

చీకటి పడింది. ఊరు ఇంకా ఆరేడు కిలోమీటర్లుంది. అప్పటిదాకా గుడుగుడుమంటూ వచ్చిన పాత బుల్లెట్టు హారను గొంతు బొంగురుపోయింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దాంతోపాటే లైటూ ఆరిపోయింది. కిక్కు మీద కిక్కు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు బండిని ట్రాక్టరులో వేసుకుని పట్నం తీసుకెళ్తే ‘బ్యాటరీ పోయింది, కొత్తది వేయాలి’ అన్నారు. వేయించారు. పక్షం తిరక్కుండానే మళ్లీ అదే కథ!

పాత మోటారు సైకిళ్లున్న ఊళ్లలో ఇది మామూలే. బ్యాటరీకి పెట్టిన డబ్బు పోవడం ఒక ఎత్తు. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేక ఆస్పత్రికి బయలుదేరాల్సిన సమయంలో బండి మొరాయించడం మరో ఎత్తు. చిత్రమేమిటంటే చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు. దాన్ని నింపాల్సిన చోట లోపం ఉంటుంది.

మోటారూ, ట్యాంకూ

మద్రాసులో 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా దశాబ్దాలపాటు తయారుచేసిన పాయింట్ల బుల్లెట్లలో ప్లగ్గుకు నిప్పురవ్వ కూడా బ్యాటరీ కరెంటుతోనే పుడుతుంది. అందుకే బ్యాటరీ ఖాళీ అయితే ఇంజను నిలిచిపోతుంది.

బ్యాటరీని ఇంటి మీది నీళ్ల ట్యాంకు అనుకుంటే, దాన్ని నింపే మోటారు ఆల్టర్నేటరు. ఇది బుల్లెట్టుకు ఎడమపక్క, ప్రైమరీ చెయిన్ కేసులో ఉంటుంది. కరెంటు వెనక్కి పోకుండా ఫుట్‌వాల్వులా కాపు కాసేది రెక్టిఫయరు. ట్యాంకు పొర్లిపోకుండా చూసేది రెగ్యులేటరు. 12 వోల్టుల బండ్లలో చాలావాటికి ఈ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. ట్యాంకులో నీళ్లు లేవంటే ట్యాంకునే మార్చేవారుంటారా? బ్యాటరీ విషయంలో జరుగుతున్నది మాత్రం అదే!

మీటరు చెప్పే నిజం

దీనికి కావలసింది ఒక చిన్న మల్టీమీటరు. ఎలక్ట్రికల్ దుకాణాల్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ముందు బ్యాటరీని పూర్తిగా చార్జింగ్ చేయించి, తీగలు విప్పి రాత్రంతా పక్కన పెట్టాలి. తెల్లవారి డి.సి. వోల్టుల్లో చూస్తే 12.6కు తగ్గకూడదు. ఊరికే ఉండి కూడా 12 దాకా దిగజారిందంటే బ్యాటరీలోనే లోపం. కొత్తది వేయక తప్పదు.

బ్యాటరీ నిలబడిందా? బండికి బిగించి ఇంజను స్టార్టు చేయాలి. ఎక్సలేటరు మధ్యస్థంగా తిప్పి బ్యాటరీ మొనల దగ్గర వోల్టులు చూడాలి. 13.5కు, 14.5కు మధ్య ఉంటే చార్జింగ్ సక్రమంగా ఉన్నట్టే. 12 దగ్గరే ఆగిపోతే కరెంటు రావడం లేదన్నమాట. 15 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పింది. అలా వదిలేస్తే బ్యాటరీలో నీళ్లు మరిగి ఇగిరిపోతాయి. 6 వోల్టుల బండ్లకు ఈ అంకెల్లో సగం లెక్క వేసుకుంటే చాలు.

హెడ్‌లైటు పైన ఆమీటరు ఉన్న బండ్లకు మరో సదుపాయం ఉంది. వేగం మీద ముల్లు ప్లస్ వైపు వాలితే చార్జింగ్ అవుతున్నట్టు. బ్యాటరీ నిండాక ముల్లు నడిమికి చేరితే కంగారు పడనక్కర్లేదు. ఎంత వేగంగా పోయినా మైనస్ వదలకపోతేనే అనుమానించాలి.

వెతుకులాట ఎక్కడ మొదలెట్టాలి?

ఖర్చు లేని చోట! బ్యాటరీ మొనల మీద తెల్లటి పొడి పేరుకుంటే వంట సోడా కలిపిన నీళ్లతో, అవి బ్యాటరీ లోపలికి పోకుండా, కడగాలి. ఆరాక బిగించి వ్యాజలైన్ రాయాలి. ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు, రంగు గీకేయాలి. ఫ్యూజు, దాని పట్టీలు చూడాలి. ఎన్నో బండ్ల రోగం ఇక్కడే కుదురుతుంది.

కుదరకపోతే ఆల్టర్నేటరు నుంచి చార్జింగుకు వెళ్లే రెండు తీగల్నీ విడదీయాలి. మీటరును ఏ.సి.కి తిప్పి, ఇంజను నడుస్తుండగా ఆ రెంటి మధ్య చూడాలి. ఎక్సలేటరుతోపాటు అంకె పెరగాలి. పెరగకపోతే కాయిల్స్ కాలిపోయి ఉండవచ్చు, లేదా తీగ తెగి ఉండవచ్చు. ఇంజను ఆపి, ఆ తీగలకూ ఇంజను బాడీకీ మధ్య కంటిన్యుటీ చూస్తే బజరు మోగకూడదు. మోగిందంటే ఎక్కడో తీగ ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ఏ.సి. బాగానే వచ్చి, కనెక్షన్లూ గట్టిగా ఉండి, బ్యాటరీకి మాత్రం చేరడం లేదంటే అప్పుడే రెక్టిఫయరును పట్టుకోవాలి.

చార్జింగ్ బాగున్నా పొద్దుటికల్లా బ్యాటరీ పడిపోతుంటే అది దొంగ కరెంటు. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ మధ్యలో చిన్న బల్బు పెట్టాలి. వెలిగితే ఎక్కడో లీకు ఉన్నట్టే. బల్బు వెలగకపోయినా చిన్న లీకు ఉండవచ్చు. దాన్ని మీటరు మిల్లీ ఆంపియర్లలో పట్టిస్తుంది.

జాగ్రత్తలు

ఇంజను ఆపాక తాళం తిప్పి మరిచిపోతే, పాయింట్లు మూసుకున్న స్థితిలో బ్యాటరీ ఖాళీ అవుతుంది, ఇగ్నిషన్ కాయిల్ కూడా మాడిపోవచ్చు. నడుస్తున్న ఇంజనుకు బ్యాటరీ తీగ పీకి పరీక్షించడం కొందరికి అలవాటు. అది రెగ్యులేటరుకే ఎసరు పెడుతుంది. మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి తప్ప యాసిడ్ కలపకూడదు. చార్జింగ్ పెట్టిన బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దగ్గర బీడీ వెలిగిస్తే పేలే ప్రమాదముంది.

ఈసారి ‘బ్యాటరీ పోయింది’ అని ఎవరన్నా అంటే, డబ్బు తీసే ముందు అడగవలసిన మాట ఒకటుంది: ‘ఇంజను నడుస్తుండగా ఎన్ని వోల్టులు వస్తున్నాయి?’ జవాబు చెప్పగలిగినవారికే బండి అప్పగించడం మేలు.