దూరం నుంచి కొట్టే ఆయుధానికి పగ్గమెక్కడ?

కత్తి పట్టినవాడు దెబ్బ కొట్టాలంటే ఎదుటివాడి కత్తికి అందేంత దగ్గరికి పోవాలి. విలుకాడికి ఆ బాధ లేదు. ఫాంటసీ రోల్ ప్లేయింగ్ వీడియో గేములు తయారుచేసేవాళ్లకు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. రెండింటికీ ఒకే బలం ఇస్తే కత్తిని ఎవరూ ముట్టరు. విల్లు బలం మరీ తగ్గిస్తే అది మూలన పడుతుంది.

చిన్న లెక్క వేద్దాం. కత్తివీరుడి ప్రాణం 40 పాయింట్లు, ఒక్కో బాణం దెబ్బ 10. అతడు 30 మీటర్ల దూరం నుంచి సెకనుకు 6 మీటర్ల చొప్పున ఉరికొస్తే విలుకాడిని చేరడానికి 5 సెకన్లు పడుతుంది. అతడు కదలగానే మొదలుపెట్టి రెండు సెకన్లకో బాణం వేస్తే ఈలోగా తగిలేవి మూడే; కత్తివీరుడు 10 పాయింట్లతో మీద పడతాడు. సెకనుకో బాణం వేస్తే నాలుగోదానికే, ఇంకా 12 మీటర్ల దూరంలోనే కూలిపోతాడు. బాణం బలం మారలేదు, మారింది వ్యవధి ఒక్కటే.

అందుకే పగ్గాలు చాలా చోట్ల ఉంటాయి. బల్ల మీద పాచికలతో ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2014 నాటి నియమాల్లో పెద్ద విల్లు 150 అడుగుల దాకా మామూలుగా, 600 అడుగుల దాకా కష్టంగా కొడుతుంది. కష్టమంటే పాచిక రెండుసార్లు వేసి తక్కువ అంకె తీసుకోవడం. శత్రువు 5 అడుగుల్లోకి వచ్చినా అదే శిక్ష. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’ వీడియో గేములో మాత్రం చాటుగా వేసిన బాణానికి దెబ్బ రెట్టింపు, నైపుణ్యం పెంచుకుంటే మూడింతలు. ఏ వేషంతో మొదలుపెట్టినా చివరికి చాటు విలుకాళ్లమే అవుతామని ఆటగాళ్లు జోకులు వేసుకునేవారు.

ఈ పగ్గాలు నిజమైన యుద్ధంలోనూ కనిపిస్తాయి, ఉదాహరణకు రాయచూరులో. ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాలున్న నేలను, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ప్రాంతాన్ని, జనం నడిగడ్డ అంటారు. అక్కణ్ణుంచి పడమటికి పోతే అవే రెండు నదుల నడుమ రాయచూరు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను ముట్టడిస్తే, బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా ఫిరంగులతో కృష్ణ దాటి వచ్చాడు. పోర్చుగీసు చరిత్రకారుడు న్యూనిజ్ కథనం ప్రకారం ఆ ఫిరంగులు ఒక్కసారిగా పేలగానే రాయల ముందు వరస చెదిరి వెనక్కి పరుగెత్తింది. రాయలు సేనను కూడగట్టి ఎదురుదాడి చేశాడు. అప్పటి ఫిరంగి గొట్టం తుడిచి, మందు కూరి, గుండు దింపి మళ్లీ పేల్చడానికి చాలాసేపు పట్టేది. గుర్రపుదండు మీదికి రావడానికి అంతసేపు అక్కర్లేదు. ఆదిల్‌షా సేనను ఏటి దాకా తరిమేశారు.

తర్వాత కోట దగ్గర ఇంకో పాఠం. గోడ రాళ్లు పెరికేందుకు గడ్డపారలతో పోయినవాళ్ల మీద పైనుంచి రాళ్లు, బాణాలు కురిసేవి. అప్పుడు ఫిగెరెడో అనే పోర్చుగీసు వాడు కొద్దిమంది తుపాకీవాళ్లతో రాయల పక్షాన చేరి, బురుజు మీద తల ఎత్తినవాణ్ణల్లా కాల్చాడు. పైవాళ్లు తలలు దాచుకున్నారు, కిందివాళ్లు గోడ పెరికారు.

మంచి గేములో విలుకాడి పని కూడా ఇంతే: తోడున్నవాడు ముందుకు పోయేలా చూడటం. రాయచూరులో తుపాకీ ఒక్క రాయినీ కదల్చలేదు. గోడను కూల్చింది గడ్డపారలే.