నూనెను గట్టిపరచు లోహము

ఆదిలాబాదు నల్లరేగడి భూములలో ప్రత్తియు, సోయా చిక్కుడును విరివిగా పండుచున్నవి. వాని గింజలనుండి వచ్చు నూనె ద్రవముగనే యుండును. అట్టి నూనె నేతివలె పేరుకొని వనస్పతి యగుట యెట్లు? ఇందు లోహము చేయు పనిని గ్రామ సోదరులకు వివరింపదలచితిమి.

నూనె అణువులు పొడవైన గొలుసుల వంటివి. వానిలో కొన్నిచోట్ల జంటబంధము లుండును. అచట ఉదజని, అనగా హైడ్రోజను, చేరినచో నూనె క్రమముగా గట్టిపడును. కాని ఉదజని తనంత తానుగా చేరదు. నికెలు పొడి కలిపి వేడిచేసినచో, ఆ వాయువు నికెలుపై విడివడి జంటబంధమును చేరును. తాను ఖర్చుగాక పని జరిపించు నిట్టి పదార్థమును ఉత్ప్రేరక మందురు. ఈ మార్గమును చూపిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సబాటియే 1912లో నోబెల్ బహుమానము నందెను. జర్మనీలో నార్మన్ 1902లోనే దీనిని నూనెలకు వర్తింపజేసెను.

అయితే ఎక్కడ ఆగవలయునో ఎరిగిన ఉత్ప్రేరకమే మేలైనది. సోయా నూనెలో మూడు జంటబంధములు గల ఆమ్లము కొంత కలదు. అది గాలి సోకి త్వరగా చెడును. దానిని మాత్రము మార్చి, తక్కినవానిని ముట్టకుండుటయే నేర్పు. 1952లో స్విట్జర్లాండునందు లిండ్లార్ పలేడియమును కాల్షియం కార్బనేటుపై పరచి, సీసముతో దాని దూకుడును తగ్గించెను. అది త్రిబంధమును జంటబంధముగా మార్చి అచటనే ఆగును. ఎ విటమిను తయారీకి తోడ్పడెను. పొగరు గిత్తకు ముకుత్రాడు వేసినట్లే యిది.

నికెలుతో మరియొక చిక్కు కలదు. పని సగములో ఆపినచో కొన్ని అణువులు వంపు పోయి ట్రాన్సు కొవ్వుగా మారును. అది చెడు కొలెస్ట్రాలును పెంచి, మంచిదానిని తగ్గించి, గుండెకు చేటు తెచ్చును. అందుచేతనే మన దేశమున నూనెలలో, కొవ్వులలో అది 2021లో నూటికి 3 పాళ్లు, 2022 జనవరి నుండి 2 పాళ్లు మించరాదని నియమ మేర్పడెను.

ఈ సూత్రమే రామగుండమునందును పనిచేయుచున్నది. 1999లో పాత ఎరువుల కర్మాగారము మూతపడిన చోట క్రొత్తది 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించెను. గాలిలోని నత్రజనికి ఇనుప ఉత్ప్రేరకముచే ఉదజని చేరి అమోనియా యగును. దానినుండియే యూరియా వచ్చును.

కావున వనస్పతి గాని, దానితో చేసిన తినుబండారము గాని కొనునపుడు పొట్లముపై ట్రాన్సు కొవ్వు ఎంత యని వ్రాసియున్నదో చూడుడు. చదువురాని పెద్దలకు బడి పిల్లలు చదివి వినిపింపవలెను. ఆ ఒక్క అంకె ఇంటిల్లిపాది గుండెలకు రక్ష.