ఎర్రనీటిని తేర్చే చిల్లగింజ!

గోదారికి ఎర్రనీరు వచ్చిందంటే కోనసీమలో రెండు కబుర్లు మొదలవుతాయి. ఒకటి పులస గురించి. సముద్రంలోంచి ఏటికి ఎదురీదుతూ వచ్చే ఆ చేప కోసం పుస్తెలమ్మినా తప్పులేదంటారు ఇక్కడివాళ్లు. రెండోది మంచినీళ్ల గురించి. పులసను వెంటబెట్టుకొచ్చే ఆ ఎర్రనీరే బిందెలోకి వస్తే మాత్రం గొంతు దిగదు. మరి చుట్టూ ఏరు, మధ్యలో లంక... తాగడానికి ఏం చేయాలి? దానికి అమ్మమ్మల దగ్గర ఓ ఉపాయం ఉండేది. చొక్కా గుండీ అంత గింజ! దాన్ని అరగదీసి నీళ్లలో కలిపి పడుకుంటే చాలు... తెల్లారేసరికి బురదంతా అడుక్కి చేరి, పైన నీళ్లు తేటగా మెరిసేవి. అదే చిల్లగింజ. ఇండుపు గింజ అన్నా ఇదే.

నీళ్ల సీమలో నీటి కష్టం

ఓ పక్క గౌతమి, మరో పక్క వసిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. మ్యాపులో చూస్తే కోనసీమ అంతా నీళ్లే. కానీ తాగడానికి పనికొచ్చేవి అన్నీ కావు. సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పలకరిస్తుంది. అందుకే ఇక్కడివాళ్లకు కాలువే ప్రాణం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టాకు కాలువలు వచ్చాయి. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన నీరు కొత్తపేట, అమలాపురం వైపు పారుతుంది. పి.గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు వైపూ వెళుతుంది. పొలానికీ అదే నీరు, ఊరి మంచినీళ్ల చెరువుకూ అదే నీరు. వేసవిలో కాలువలు కట్టేసేలోగా చెరువులు నింపుకోవడం ఇక్కడ ఏటా ఉండే హడావుడి.

అసలు చిక్కు వానాకాలంలో వస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి లాంటి ఉపనదులు ఎక్కడెక్కడి మట్టినో మోసుకొచ్చి గోదావరిలో కలుపుతాయి. నది రంగే మారిపోతుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా, 2022 జులైలో 25 లక్షలకు పైగా వరద వచ్చింది. అలాంటప్పుడు లంకల్లోకి పడవ తప్ప మరో దారి ఉండదు. కరెంటు పోతే మోటారు తిరగదు. రోజూ ఇంటి ముందుకొచ్చే ఇరవై లీటర్ల టిన్నుల బండీ రాదు. ఎటు చూసినా నీళ్లే... అయినా గ్లాసెడు మంచినీళ్ల కోసం పడవ వైపు చూడాలి. చిల్లగింజ విలువ తెలిసొచ్చేది అప్పుడే!

ఏమిటీ గింజ?

చిల్ల ఓ మోస్తరు ఎత్తు పెరిగే అడవి చెట్టు. పండితే నల్లగా మారే చిన్న కాయల్లో ఒక్కో గింజ ఉంటుంది. సంస్కృతంలో కతకం అంటారు. నీటిని తేర్చడానికి దీన్ని వాడాలని సుశ్రుత సంహితలోనే ఉంది. నీళ్లలో వేసిన ఈ గింజ పొడి మలినాన్ని పోగొట్టి తానూ అడుక్కి చేరినట్లే, జ్ఞానం కూడా అజ్ఞానాన్ని పోగొట్టి తానూ అణిగిపోతుందని శంకరాచార్యుల ‘ఆత్మబోధ’ చెబుతుంది. వేదాంతం చెప్పడానికి పోలికగా వాడారంటే ఆ రోజుల్లో ఈ గింజ ఎంతమందికి తెలిసి ఉండాలి!

వాడటమూ తేలికే. గంధం తీసినట్లు సాన మీద కాసిని నీళ్లు చల్లి గింజను అరగదీస్తారు. ఆ ముద్దను బిందెలో వేసి బాగా కలిపి, కదపకుండా మూతపెట్టి వదిలేస్తారు. కొందరు మట్టికుండ లోపలి గోడకే గింజను రుద్ది, తర్వాత నీళ్లు పోసేవారు. పొద్దున్నే పైనున్న తేటనీటిని మెల్లగా మరో పాత్రలోకి వంచుకుని, అడుగున మిగిలిన మడ్డిని మొక్కలకు పోసేస్తే సరి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చిల్లకు దగ్గరి చుట్టం ముష్టి చెట్టు. ఆ గింజల్లో స్ట్రిక్నిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. ముష్టి గింజ పెద్దదిగా, పలచని బిళ్లలా ఉంటుంది. చిల్లగింజ చిన్నదిగా, గుండీలా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. కాబట్టి చెట్ల కింద ఏరుకోవడం కాదు... బాగా తెలిసినవాళ్ల దగ్గరో, నమ్మకమైన మూలికల కొట్లోనో తీసుకోవాలి. ఏమాత్రం అనుమానం ఉన్నా వాడకూడదు.

బురద ఎందుకు దిగదు?

బిందెడు ఎర్రనీటిని ఊరికే వదిలేస్తే ఇసుక కాసేపట్లోనే దిగిపోతుంది. ఎరుపు మాత్రం రోజులు గడిచినా పోదు. ఎందుకంటే బంకమట్టి రేణువులు మరీ చిన్నవి. పైగా అన్నింటి మీదా రుణవిద్యుదావేశం ఉంటుంది. అయస్కాంతాల ఒకే ధ్రువాలు ఒకదాన్నొకటి నెట్టేసుకున్నట్లు ఇవీ దూరం దూరంగా ఉండిపోతాయి. కలిస్తేనే కదా బరువెక్కి మునిగేది! చిల్లగింజలోని జిగురు పదార్థాలు ఈ రేణువులను పోగుచేసి గుత్తులు కడతాయి. గుత్తి బరువెక్కి అడుక్కి దిగుతుంది.

పటిక చేసేదీ ఇలాంటి పనే. అందులోని అల్యూమినియం రేణువుల మీది ఆవేశాన్ని తటస్థం చేస్తుంది. పట్టణాల నీటిశుద్ధి కేంద్రాల్లోనూ నీటిని తేర్చడానికి ఎక్కువగా వాడేది పటికనే. ఇంట్లో అయితే పటిక ముక్కను బిందెలో నాలుగైదు చుట్లు తిప్పి తీసేస్తే చాలు. నీళ్లు వగరుగా ఉన్నాయంటే ఎక్కువైనట్లే.

పెరట్లోనే ఉంది మందు!

చిల్లగింజ దొరకలేదా? మునగచెట్టు ఉంటే చాలు. చెట్టుమీదే ఎండిన కాయల గింజల్లో నీటిని తేర్చే మాంసకృత్తులు ఉంటాయి. వాటికి ధనావేశం ఉండటంతో బురద రేణువులను ఇట్టే పట్టేస్తాయి. సూడాన్‌లో నైలు నది వరద నీటిని అక్కడి మహిళలు మునగ గింజలతోనే తేర్చుకునేవారు. 1970, 80ల్లో సామియా అల్ అజారియా జాన్ అనే శాస్త్రవేత్త ఆ పద్ధతిని పరిశోధించి ప్రపంచానికి చెప్పారు.

బాగా మురికిగా ఉన్న నీళ్లకు లీటరుకు ఒక గింజ లెక్క. మరీ చిక్కగా ఉంటే రెండు. పొట్టు తీసి, లోపలి తెల్లపప్పును మెత్తగా దంచి, కాసిని మంచినీళ్లలో కలిపి గుడ్డలో వడకట్టాలి. ఆ పాల లాంటి నీటిని బిందెలో పోసి ఓ నిమిషం వేగంగా, తర్వాత ఐదు పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. గంటా రెండు గంటల్లో నీరు తేటపడుతుంది. ఈ నీటిని మర్నాటికి మించి నిల్వ ఉంచకూడదు. గింజ తాలూకు పదార్థం కొంత మిగిలి వాసన వస్తుంది.

ఇసుక, బొగ్గు వేసిన కుండల్లో వడకట్టే అలవాటు ఉన్నవాళ్లూ ముందు నీటిని తేర్చుకోవడమే మేలు. ఎర్రనీటిని నేరుగా పోస్తే ఇసుక త్వరగా పూడుకుపోతుంది.

తేటనీరు వేరు... మంచినీరు వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. గ్లాసులోంచి అవతలి మనిషి కనిపిస్తున్నాడు కాబట్టి తాగేయొచ్చు అనుకుంటారు. బురదతోపాటు దాన్ని అంటుకున్న సూక్ష్మక్రిములూ చాలావరకు దిగిపోతాయన్నది నిజమే. కానీ అన్నీ పోవు. మిగిలినవి మళ్లీ పెరుగుతాయి. వరదలో మరుగుదొడ్లు, పశువుల పాకలు, చెత్తకుప్పలు అన్నీ మునిగిన నీరది. నీళ్ల విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు... అన్నింటికీ అదే దారి. పసిపిల్లలున్న ఇంట్లో ఆ పొరపాటు ప్రాణం మీదకు తెస్తుంది.

అలాగని తేర్చడం వృథా కాదు. బురదనీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు. మట్టి రేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి. కాబట్టి వరస ముఖ్యం. ముందు చిల్లగింజతోనో, మునగతోనో, పటికతోనో తేర్చాలి. తర్వాత శుభ్రమైన గుడ్డను మడతలు వేసి వడకట్టాలి. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను నాలుగైదు మడతలు వేసి నీళ్లు వడకట్టినందుకే కలరా కేసులు దాదాపు సగం తగ్గాయని 2003లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆఖరున నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చాలి. పొయ్యి వెలిగించే వీల్లేకపోతే ఆరోగ్య సిబ్బంది ఇచ్చే క్లోరిన్ బిళ్లను వాళ్లు చెప్పిన లెక్కన వేసి, కనీసం అరగంట ఆగి తాగాలి. ఆ నీటినీ మూత ఉన్న పాత్రలోనే ఉంచాలి. చేయి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీసుకోవాలి.

ఇంకో మాట. చిల్లగింజకైనా, పటికకైనా తెలిసింది బురదను దించడమే. తీరప్రాంత బోర్లలోని ఉప్పును అవి తీయలేవు. పొలాల్లోంచి కొట్టుకొచ్చి నీళ్లలో కరిగిన పురుగుమందునూ పోగొట్టలేవు. అక్కడ కాచినా ఫలితం ఉండదు. ఆ నీటిని వదిలేసి మరో నీటిని వెతుక్కోవాల్సిందే.

టిన్నుల నీళ్లొచ్చాక వంటింటి అలమరలోంచి చిల్లగింజల డబ్బా మాయమైంది. కానీ శ్రావణం వస్తే గోదారి ఇప్పటికీ ఎర్రబడుతూనే ఉంది, లంకలు ఇప్పటికీ మునుగుతూనే ఉన్నాయి. వానలు మొదలయ్యేలోపు గుప్పెడు గింజలో, ఓ పటిక ముక్కో, నాలుగు క్లోరిన్ బిళ్లలో పొట్లం కట్టి దాచుకుంటే పోయేదేముంది? బండి రాని రోజున అవే అక్కరకొస్తాయి. గింజ తన పని చేసి అడుక్కి చేరుతుంది. మిగతా పని పొయ్యిది!