రెండు ‘వలె’ల నడుమ

తెలుగు భాషలో ‘వలె’ అను చిన్న మాటకు రెండు కొలువులు కలవు. ఒకచోట అది పోలికను చెప్పును: సింహము వలె, సముద్రము వలె. వేరొకచోట క్రియ వెంట నిలిచి శాసించును: చేయవలె, ఉండవలె, గెలువవలె. ఈ రెండింటికిని పుట్టుక యొకటియా కాదా అనునది పండితులు తేల్చవలసిన విషయము. కాని ఒక మనుష్యుని మనస్సులో ఈ రెండు ‘వలె’లును జతకూడి, తాను ఎవరో ఒక మహాపురుషుని వలె ఉండవలె నని, అట్లుండని ప్రతిక్షణమును అపరాధమే యని, తన్ను తానే విచారించి తానే శిక్షించుకొనుచు అతడు బ్రతుకసాగినచో, అట్టి బ్రతుకునకు మనోవైద్యులు పెట్టిన పేరు న్యూరోసిస్. అది ఉన్మాదము కాదు. ఉన్మత్తునికి లోకముతో లంకె తెగిపోవును. న్యూరోసిస్ గలవాడో, వేళకు ఆఫీసునకు పోవును, పెండ్లి చేసికొనును, పన్ను కట్టును, పదిమందిలో నవ్వును. గుండెదడ, నిద్రలేమి, ఎందులకో తెలియని భయము మాత్రము అతనిని విడువవు. మన యిండ్లలో దీనినే నరాల బలహీనత యని చెప్పుకొని టానిక్కు సీసాలు ఖాళీచేయుట చిరకాలపు వాడుక.

ఈ వ్యాధి మూలమును మనుష్యుని పుట్టుకలోగాక, అతడు పెరిగిన ఇంటియందును, ఆ యిల్లున్న సంఘమునందును వెదకినవారిలో ముఖ్యురాలు కారెన్ హార్నీ అను జర్మను వైద్యురాలు. ఆమె 1885వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన హాంబర్గు నగరమునకు చేరువ ఎల్బ నదీతీరమునందలి బ్లాంకెనేసెలో జన్మించెను. తండ్రి నార్వే దేశమున పుట్టిన ఓడ కెప్టెను. కఠినమైన మతనిష్ఠ గలవాడు. ప్రార్థనానంతరము కోపము వచ్చినచో చేతనున్న పవిత్రగ్రంథమును భార్య పైకి విసరుచుండెనట. అందుచే పిల్లలు చాటున ఆయనకు ‘బైబిలు విసరువాడు’ అని పేరు పెట్టుకొనిరి. తల్లి ఆయనకంటె చాల చిన్నది, రెండవ భార్య. అన్న యనిన ఇంటిలో గారాబము. ఈ నడుమ పెరిగిన పిల్ల పదమూడవ యేటనే దినచర్య వ్రాయ మొదలిడి, తన మనస్సును తానే తరచి చూచుకొనుట నేర్చెను. బాలికలు విశ్వవిద్యాలయమునకు పోవుటయే వింతయైన ఆ దినములలో, తండ్రి అయిష్టమును తల్లి సాయముతో దాటి, 1906లో ఫ్రైబర్గున వైద్యవిద్యలో చేరెను. 1909లో ఆస్కార్ హార్నీని పెండ్లాడెను. ముగ్గురు కుమార్తెలు కలిగిరి. బెర్లినులో, మనోవిశ్లేషణకు మూలపురుషుడగు ఫ్రాయిడునకు శిష్యుడైన కార్ల్ ఆబ్రహాము వద్ద మనోవిశ్లేషణ చేయించుకొని, 1920లో అచట వెలసిన మనోవిశ్లేషణ సంస్థకు స్థాపక సభ్యురాలయ్యెను.

మూలగురువగు ఫ్రాయిడుతో తగవు మొదట స్త్రీల విషయమున వచ్చెను. పురుషదేహము తనకు లేదను అసూయయే స్త్రీ మనస్తత్త్వమునకు మూలమని ఫ్రాయిడు చెప్పగా, స్త్రీ కోరునది పురుషుని అవయవమును కాదు, సంఘము అతనికి కట్టబెట్టిన అధికారమును, స్వేచ్ఛను అని హార్నీ బదులు చెప్పెను. అంతటితో ఆగక, గర్భము ధరించి ప్రాణిని కని పాలిచ్చు శక్తిని చూచి పురుషుడు మాత్రము అసూయ చెందడా యని ఎదురు ప్రశ్న వేసెను. ప్రశ్న వేసిన తీరులో కొంత కొంటెతనమున్నదేమో గాని, దెబ్బ మాత్రము సరియైన చోటనే తగిలినది: మనుష్యస్వభావమని గురువు చెప్పినదానిలో వియన్నా నగరపు గృహస్థుల ఆచారమెంత, నిజముగా స్వభావమెంత?

1932లో ఆమె షికాగో మనోవిశ్లేషణ సంస్థ పిలుపునందుకొని అమెరికా చేరెను. రెండేండ్లకు న్యూయార్కునకు మారెను. ఆర్థికమాంద్యము దేశమును పీడించుచున్న కాలమది. ఆమె వద్దకు వచ్చిన అమెరికా రోగుల బాధలకును, బెర్లినులో ఆమె చూచిన రోగుల బాధలకును పోలిక తక్కువ. స్వభావమే సర్వమైనచో సముద్రము దాటినంత మాత్రమున రోగము రూపు మారనేల? నానాజాతుల ఆచారములను పరిశీలించిన మార్గరెట్ మీడ్, రూత్ బెనెడిక్ట్ వంటి విదుషీమణుల సాంగత్యమును, మనోవిశ్లేషకుడగు ఎరిక్ ఫ్రామ్ స్నేహమును ఈ ప్రశ్నను పదును పెట్టినవి. 1937లో వెలువడిన ఆమె తొలి గ్రంథమునకు పేరే ‘మన కాలపు న్యూరోటిక్ వ్యక్తిత్వము’. ఆ ‘మన కాలపు’ అనుటలోనే ఆమె తిరుగుబాటంతయు ఇమిడియున్నది.

ఆమె చెప్పిన కథ బాల్యమునుండియే మొదలగును. శిశువునకు కావలసినవి రెండే: భద్రత, నిజమైన ఆప్యాయత. పాలు, బట్ట, బొమ్మలు ఎన్ని యున్నను, తలిదండ్రులు తమ తమ బాధలలో మునిగి బిడ్డను బిడ్డగా ప్రేమింపజాలనిచో, అనగా ఒకనాడు ముద్దు, ఒకనాడు మొట్టికాయ, తోబుట్టువుతో నిత్యము పోలిక, ఇచ్చిన మాట తప్పుట, నలుగురిలో నవ్వులపాలు చేయుట, ఇట్టివే దినదినము జరుగుచున్నచో, బిడ్డకు కోపము వచ్చును. ఆ కోపమును చూపుటెట్లు? అన్నము పెట్టు చేయి అదే; చీకటిలో పట్టుకొనవలసిన కొంగు అదే. కనుక కోపమును దిగమ్రింగును. దిగమ్రింగిన కోపము జీర్ణముకాదు. తన లోపలి వైరమును లోకమంతటికిని అంటగట్టి, ఈ లోకము తనకు పగయై యున్నదనియు, అందు తాను ఒంటరి యనియు, నిస్సహాయుడ ననియు బిడ్డ తలచును. ఈ భావమునకే హార్నీ మూలాందోళన యని పేరిడెను. చిక్కేమనగా, భయపడిన బిడ్డ మరింతగా ఆ తలిదండ్రులనే ఆశ్రయించును, ఆశ్రయించిన కొలది కోపమును మరింతగా అణచుకొనును, అణచిన కొలది భయము మరింత పెరుగును. గానుగెద్దు నడక వంటిదిది. ఎంత నడచినను చోటు మారదు.

భయపడినవాడు ఊరకుండడు, దారి వెదకికొనును. 1942 నాటి గ్రంథములో హార్నీ ఆ భయమునుండి పుట్టు అవసరములను పదింటిని పట్టిక వేసెను. ఆ పట్టిక కంఠస్థము చేయుటకు మాత్రమే పనికివచ్చునది గాన విడిచిపెట్టెదను. మూడేండ్ల తరువాత ఆమెయే వానిని మూడు త్రోవలుగా కుదించెను: మనుష్యుల చెంతకు పోవుట, మనుష్యులపైకి పోవుట, మనుష్యులనుండి తొలగిపోవుట.

మొదటి త్రోవవానిని మనము ప్రతి బంధువర్గమునను చూతుము. ‘కాదు’ అను మాట అతని నోట రాదు. ఎవరింట పెండ్లియైనను వంటవారిని మాటాడునది, విస్తళ్లు లెక్కపెట్టునది, చివరి బండి కదలువరకు నిలుచునది అతడే. అందరును ‘ఎంత మంచివాడు’ అందురు. ఆ రాత్రి ఇంటికి చేరి, ఇంతమందిలో ఒక్కరైనను ‘తిన్నావా’ అని అడుగలేదే యని కన్నీరు పెట్టుకొనునదియు అతడే. అతని మంచితనము దొంగది కాదు. కాని దానికి సెలవు లేదు. రెండవవానికి బ్రతుకంతయు వ్యాజ్యమే. చదరంగమున ఓడినను నిద్రపట్టదు, పొగడ్త వినినను ఎదుటివాడు ఏమి ఆశించి పొగడెనో యని లెక్క వేయును. మూడవవాడు మేడమీది గదిలో ఉండును; ఇంటివారు వచ్చి అడుగు అవసరము రాకుండ ఒకటవ తేదీ ఉదయమే అద్దె ఇచ్చివేయును; ఎవరైనను కానుక ఇచ్చినచో, అది తన మెడకు చుట్టుకొనిన త్రాడువలె నుండి, బదులు తీర్చువరకు అతనికి ఊపిరి ఆడదు.

ఈ మూడును ఆరోగ్యవంతులకును కలవు. అవసరమునుబట్టి ఒదుగుట, ఎదిరించుట, తొలగుట ఎవరికి తెలియదు? రోగికి ఉన్న కష్టమేమనగా అతడు ఎన్నుకొనుట లేదు, ఈడ్వబడుచున్నాడు. ఇచట మన సంఘమును గూర్చి ఒక మాట చెప్పక ఉండజాలను. ఏండ్ల తరబడి సర్దుకొనిపోయిన కోడలిని మనము ఉత్తమురాలందుము. హార్నీ అచట నుండినచో, ఆ కోడలు ఒక్కమారైనను ‘కాదు’ అనగలదా యని అడిగి యుండును. అనగలిగియు అనకపోవుట గుణము, అనలేకపోవుట వ్యాధి, చూచువారికి రెండును ఒక్కతీరుననే కానవచ్చును. సంఘము మెచ్చుకొనిన రోగము ఆసుపత్రికి పోదు.

హార్నీ 1950 నాటి చివరి గ్రంథమున ఇంకను లోతునకు దిగెను. తాను నిలిచిన నేల గట్టిది కాదని తెలిసిన మనస్సు, ఊహలో ఒక మేడ కట్టును. ఒదుగువాడు తన్ను సాధుపుంగవునిగా, పోరువాడు అజేయునిగా, తొలగువాడు సర్వసంగపరిత్యాగిగా భావించుకొనును. అంతవరకైనచో అది పగటికలయే. కాని క్రమముగా ఆ కల్పితమూర్తియే నిజమైన తానని, ఉన్న తాను అవమానకరమగు మురికి యని నమ్మును. అప్పుడు పుట్టునది ఆజ్ఞల పరంపర: ఎన్నడును కోపపడరాదు, అలసిపోరాదు, ఎవరి సాయమును కోరరాదు, అందరిని ప్రేమింపవలె, అన్నియు తెలిసియుండవలె. ఈ ‘వలె’ల పాలనకు ఆమె నిరంకుశత్వమని పేరు పెట్టెను. అందని మూర్తిని అందుకొనలేనప్పుడెల్ల తనపై తనకే ద్వేషము రగులును. మరియొకవైపు, అంతటి మహానుభావునికి లోకము దారి యీయవలెనను హక్కు పుట్టును. వరుసలో నిలుచుట ఇతరులకే గాని తనకు కాదు; తన కూతురి పెండ్లినాడు వానయు కురియరాదు. గర్వమును, ఆత్మద్వేషమును ఒకే నాణెమునకు బొమ్మా బొరుసు లని ఆమె విప్పి చూపినది. గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ చదివినవారికి, తండ్రి అప్పగించిన వంశప్రతిష్ఠను మోయుచు ఆస్తిని కరగించి, తుదకు తనపైనను లోకముపైనను కత్తిగట్టిన సీతారామారావు ఇచట జ్ఞాపకము రాక మానడు.

ఈ ఆజ్ఞలను అందించునది ఇల్లొక్కటియే కాదు. హార్నీ 1937లోనే తన కాలపు పాశ్చాత్యసంఘమునందలి వైరుధ్యములను ఎత్తిచూపెను. ప్రక్కవానిని ఓడించి పైకి రమ్మని బడియు బజారును చెప్పును. ప్రక్కవానిని ప్రేమింపుమని గుడి చెప్పును. ప్రకటనలు కోరికలను రేపును; జీతము వానిని తీర్పదు. నీవు స్వతంత్రుడవు, ఏమైనను కాగలవని నేర్పుదురు; తీరా చూడగా సగము దారులు ముందే మూసియుండును. అందరును ఈ వైరుధ్యముల నడుమనే బ్రతుకుదురు. బాల్యముననే గాయపడినవానికి అవి గాయమునందే తగులును. న్యూరోసిస్ గలవానిని ఆమె సంఘమునకు సవతిబిడ్డ యని పిలిచినది అందుకే.

ఇంతగా గురుమతమును కాదనిన ఆమెను సంప్రదాయజ్ఞులు సహింపలేదు. 1941లో న్యూయార్కు మనోవిశ్లేషణ సంస్థ ఆమెను శిక్షకపదవినుండి తొలగింపగా, ఆమెయు నలుగురు సహచరులును సభనుండి లేచిపోయిరి. మోషే తన జనులను ఐగుప్తునుండి విడిపించిన గాథను తెలుపు నల్లజాతివారి భక్తిగీతమును పాడుచు వీధిలోనికి నడచిరని చెప్పుకొందురు. వెంటనే వేరు సంస్థను నెలకొల్పిరి. ముచ్చట ఇచటితో ముగిసినచో బాగుండును. కాని రెండేండ్లు తిరుగకముందే, వైద్యపట్టము లేదను కారణమున ఆ క్రొత్త సంస్థ ఎరిక్ ఫ్రామ్ బోధనాధికారమునకు కత్తెర వేయగా అతడును, మరికొందరును వెడలిపోయిరి. వెలివేయబడినవారు వెలివేయుట త్వరగానే నేర్తురు. అధికారమును గూర్చి ఇంత ఎరిగిన మనస్సునకును అది తప్పలేదు.

ఆమె సిద్ధాంతమునకు లోపములు లేకపోలేదు. కొలతలు, పరీక్షలు, లెక్కలు ఆమె గ్రంథములలో దొరకవు. ఉన్నదంతయు వైద్యశాలలో వినిన మాటల సారము. ఆ మాటలు చెప్పినవారిలో ఎక్కువమంది చదువుకొనిన మధ్యతరగతి నగరవాసులు. కడుపు నిండనివాని భయమును గూర్చి ఆమెను అడిగి లాభము లేదు. అయినను ఫ్రాయిడుకంటె ఆమె వద్ద ఆశ ఎక్కువ. ఓకు వృక్షపు విత్తునకు వృక్షమగుట ఎవరును నేర్పనక్కరలేదు, నేలయు నీరును ఉన్నచో చాలునని ఆమె వ్రాసెను. మన మర్రివిత్తును గూర్చియు మర్రి యగును అందుమే గాని మర్రి కావలెను అనము. చికిత్స యనగా ఆమెకు క్రొత్త ఆజ్ఞ యిచ్చుట కాదు. పాత ఆజ్ఞలు ఎవరి గొంతుతో పలుకుచున్నవో రోగి తానే గుర్తుపట్టువరకు తోడుండుట.

1952లో ఆమె జపానుకు పోయి, జెన్ పండితుడగు డి.టి. సుజుకి తోడుగా జెన్ మఠములను చూచి వచ్చెను. ఆ యేటి డిసెంబరు 4వ తేదీన న్యూయార్కులో క్యాన్సరు వ్యాధిచే మరణించెను. ఆ చివరి సంవత్సరమున విద్యార్థులకు చెప్పిన పాఠములు ముప్పదియైదేండ్లకు, 1987లో, పుస్తకముగా వెలువడినవి. అందు తొలిపాఠము సిద్ధాంతమును గూర్చినది కాదు, రోగి మాట వినునపుడు వైద్యునకు ఉండదగిన అవధానమును గూర్చినది. మన అష్టావధాని ఎనిమిదిమందికి ఒకేమారు చెవి యొగ్గును. ఆమె అడిగినది ఎదుట కూర్చున్న ఒక్కనికై, తన విద్యను, తన పేరును, తాను చెప్పదలచిన గొప్ప మాటను కూడ మరచి, వినుట.